సుత్తి కడిగిన చెయ్యి

ఓవర్సీరు కంకర కుప్పను తన్నడంలో ఒక పద్ధతి ఉండేది. ముందు కుప్ప చుట్టూ తీరిగ్గా ఒక తిరుగుడు తిరుగుతాడు. వంగడు, చేత్తో ముట్టడు. బూటు మొనతో అడుగున ఒక్క పోటు పొడిచి పక్కకు ఈడుస్తాడు. అంతే, తెల్లారినప్పటి నుంచీ ఒక మనిషి కొట్టి, ఏరి, పేర్చిన కంకర బొలబొలా జారిపోతుంది. లోపల పెద్ద రాయి దాచి, పైన చిన్నవి కప్పి కొలతకు పెట్టారేమో చూడాలట! చూడు నాయనా, వద్దన్నదెవరు? చేత్తో తీసి చూడవచ్చు. కానీ చేత్తో చూస్తే ఓవర్సీరు ఎట్లా అవుతాడు?

ఇరవైరెండో సంవత్సరం కరువు అది. కర్నూలు నుంచి నంద్యాల పోయే బాట మీద, ఓర్వకల్లు బండల కింద కరువు పని పెట్టారు. బండను పగలగొట్టి, ఆ ముక్కలను చితగ్గొట్టి బాటకు కంకర చేయాలి. ఒక్కో ముక్కా రెండంగుళాల ఇనుప కడియంలో నుంచి దూరాలి. సాయంత్రానికి ఒక్కో మనిషి కొట్టిన కంకర, అడుగులేని ఒక చెక్కపెట్టెను నింపాలి. దాన్ని టాస్కు అనేవారు. టాస్కు నిండితే నిండు కూలి, ఇంట్లో ముసలీ ముతకకూ పిల్లాజెల్లకూ గంజి చీటీ. నిండకపోతే అన్నీ సగం.

నలభైమూడు మందికి ఒక గ్యాంగు, గ్యాంగుకు ఒక మేటు. ఏడో గ్యాంగుకు మేటు సుందరం. నందికొట్కూరు దగ్గర ఒక పల్లెలో మిషను బడి అయ్యవారుగా ఉండేవాడు. కరువు దెబ్బకు పిల్లలు తల్లిదండ్రుల వెంట వలసపోయారు, బడి మూతపడింది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు గనుక ఇక్కడ మేటు పని దొరికింది. భార్య రాహేలమ్మ అదే గ్యాంగులో కంకర కొట్టేది. మేటు చేతికి ఒక పెన్సిలు, ఒక మస్టరు పుస్తకం, ఒక బెత్తం ఇచ్చారు. పెన్సిలూ పుస్తకమూ ఆయనకు పాత చుట్టాలే. బెత్తాన్ని మాత్రం చంకలో ఇరికించుకుని తిరిగేవాడు. బడిలో కూడా దాన్ని బల్లకు తగిలించేవాడే కానీ పిల్లలకు కాదు.

మస్టరులో ప్రతి పేరుకూ ఎదురుగా ఒక ఇంగ్లీషు మాట రాయాలి. సత్తువ ఉన్నవాడు ఏబుల్. బక్కచిక్కినవాడు వీక్. టాస్కు నిండనివాడు ఐడిల్, అంటే సోమరి. పని చేయనని మొండికేసినవాడు రిఫ్యూజ్డ్. ఆ మాట పడిందా, పేరు కొట్టేస్తారు, ఇంటిల్లిపాదికీ గంజి చీటీ పోతుంది. వరసగా మూడు రోజులు ఐడిల్ పడినా అంతే గతి. చదువురాని జనమే అయినా ఆ మాటలు అందరి నోళ్ళలోనూ నానిపోయాయి. ఆడవాళ్ళు సరసాలకు కూడా వాడుకునేవారు. "ఏమే ఐడిలుదానా, ఆ కడియం ఇట్ల పారెయ్యి" అని ఒకతె అంటే, "నీ మొగుడే ఐడిలు" అని ఇంకొకతె.

ఆ మంగళవారం ఓవర్సీరు తన్నింది ఉరుకుందప్ప కుప్పను.

ఉరుకుందప్పకు అరవై దాటాయి. గ్యాంగులో చాలామందిలాగే వడ్డెర మనిషి, పుట్టినప్పటి నుంచీ రాయితోనే బతుకు. బండను అరచేత్తో నిమిరి, ఎక్కడ కొడితే ఎటు విచ్చుకుంటుందో చెప్పేవాడు. ఆయన కుప్పలో దొంగరాయి ఉండదని గ్యాంగులో అందరికీ తెలుసు. ఓవర్సీరుకూ తెలుసు.

"లోపల ఏమన్నా కనపడెనా సామీ?" అన్నాడు ముసలాయన, జారిన కంకరను దగ్గరికి లాక్కుంటూ. అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

ఓవర్సీరు మొహం కందగడ్డ అయింది. "ఓ మేటూ!" అని కేకేశాడు. "ఆ బెత్తం నీకెందుకిచ్చినామప్పా? పండ్లు తోముకోనీకా? ఈ ముసలి నాకొడుక్కి నోరు లేస్తాంది. వెయ్యి ఒకటి."

సుందరం కదల్లేదు.

"వేస్తావా, లేకపోతే మస్టరు ఈడ పెట్టి నీ పెండ్లాం పక్కన కూసొని కంకర కొడ్తావా?"

వేశాడు. భుజం మీద వేద్దామనుకున్నాడు, మెల్లగా వేద్దామనుకున్నాడు. అలవాటు లేని చెయ్యి, మెల్లగా వేయడం కూడా చేతకాలేదు. ముసలాయన తల తిప్పేసరికి బెత్తం కొస కనుబొమ్మను చీరింది. నెత్తురు బుగ్గ మీదుగా జారి ముందున్న రాయి మీదా సుత్తి మీదా పడింది. ఓవర్సీరు తల పంకించి ముందుకు పోయాడు.

ఉరుకుందప్ప తలగుడ్డ విప్పి కనుబొమ్మకు అదుముకున్నాడు. తర్వాత, తాగడానికని ముంతలో దాచుకున్న నీళ్ళు తీసి, ఆ రాయినీ సుత్తినీ కడిగాడు. ముంత మొత్తం వాటికే పోశాడు, తనకు ఒక గుక్క కూడా మిగుల్చుకోలేదు. సుందరం మొహంలోకి ఒకసారి చూసి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు. అంత ఎండలో నీళ్ళెందుకు పారబోసుకున్నాడో సుందరానికి అర్థం కాలేదు.

ఆ సాయంత్రం రాహేలమ్మ మొగుడితో మాట్లాడలేదు. చాపగుడిసె ముందు కుండలో సంగటి గెలుకుతూ కూర్చుంది. అరచేతుల్లో బొబ్బలు పగిలి ఉంటే కట్టెకు గుడ్డ చుట్టుకుని గెలుకుతోంది. సుందరం రెండుసార్లు దగ్గాడు. మస్టరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"ఏమన్నా అనరాదా," అన్నాడు చివరికి.

"ఏమనేది? సుత్తి యాడ పట్టుకోవాలో నాకు చూపించింది ఆయప్ప. రాయి ఎగిరి కండ్లల్లో పడతాదమ్మా, చుట్టూ గుడ్డ చుట్ట పెట్టుకోమని తన తలగుడ్డ చించి ఇచ్చె. అట్లాంటి మనిషి మీదికి నీకు చెయ్యెట్ల లేసెనయ్యా?"

"నేను కొట్టకపోతే ఓవర్సీరు కొడ్తాడు. ఇంకా గట్టిగా కొడ్తాడు."

"ఆయప్ప కొడితే ఆయప్ప పాపం. నువ్వు కొడితే ఆ నెత్తురు మన కంచంలో పడ్తాది."

"పని పోతే కంచమే ఉండదు."

ఆ మాట నిజమే. ఆమె సంగటి ముద్ద ఆయన ముందు పెట్టి, అటు తిరిగి కూర్చుంది.

సుందరం మళ్ళీ మస్టరు ముందుకు లాక్కున్నాడు. బడి నడిచే రోజుల్లో ఆయన ఒకసారి పనికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో నల్లబల్ల మీద వరసగా రాశాడు. వర్క్, లేబర్, టాయిల్, టాస్క్, ఎఫర్ట్. పిల్లలు రాగం తీసి చదివారు. పని మీద ఇన్ని మాటలు పుట్టించుకున్నవాళ్ళకు పనిచేసే మనిషంటే ఎంత మర్యాదో అని తెగ మురిసిపోయాడు, వెర్రిబాగులవాడు! ఇప్పుడు రోజూ రాసేవి నాలుగే మాటలు. వాటిలో ఒక్కటి కూడా పని గురించి కాదు. ఎవరికి గంజి పోయాలి, ఎవరికి పోయకూడదు అన్నదే వాటి గోలంతా.

మస్టరులో సిద్దమ్మ పేరు దగ్గర వేలు ఆగింది. ఉరుకుందప్ప కూతురు. మూణ్ణెల్ల బిడ్డ తల్లి. మొగుడు పని వెతుక్కుంటూ బళ్ళారి వైపు పోయినవాడు మళ్ళీ రాలేదు. చలిజ్వరం నుంచి లేచి వారం కాలేదు ఆమెకు. సోమవారం ఐడిల్. మంగళవారం ఐడిల్. రెండూ రాసింది ఈ చెయ్యే. రేపు కూడా పెట్టె నిండకపోతే సిద్దమ్మ పేరు ఇక ఉండదు.

బుధవారం పొద్దున్నే ఎండ చిటచిటలాడింది. నలభైమూడు సుత్తుల చప్పుడుకు బండలు మారుమోగుతున్నాయి. సిద్దమ్మ సుత్తి ఎత్తుతోంది, దించుతోంది, కానీ దెబ్బలో సత్తువ లేదు. సుత్తి రాయి మీద పడి పైకి ఎగురుతోందే కానీ రాయి పగలడం లేదు. ఓవర్సీరు అటు తిరిగినప్పుడల్లా ఉరుకుందప్ప తన కంకరను కాలితో కూతురి కుప్పలోకి తోస్తున్నాడు. రాహేలమ్మ కూడా పోతూ వస్తూ ఒక దోసెడు జారవిడిచింది. సుందరం చూసీ చూడనట్టు తల తిప్పుకున్నాడు. తను చేయగలిగిన ధైర్యం అంతే అనుకున్నాడు.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. కొలతకు ఇంకా జానెడు తక్కువ, సాయంత్రం దాకా సుత్తి ఎత్తే ఓపిక సిద్దమ్మకు ఇక లేదు. బండ నీడలో ఉయ్యాలగుడ్డలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. సిద్దమ్మ అటూ ఇటూ చూసింది. తలకాయంత రాయి ఒకటి పక్కన ఉంది. దాన్ని కుప్ప మధ్యలోకి దొర్లించి, పైన కంకర కప్పింది. తండ్రి చూశాడు. ఆయన జన్మలో అట్లాంటి పని చేసి ఎరగడు. నోరు తెరిచాడు, కానీ బిడ్డ ఏడుపు విని మళ్ళీ మూసుకున్నాడు.

ఓవర్సీరు వచ్చాడు. కుప్ప చుట్టూ తిరిగాడు. పొడిచాడు, ఈడ్చాడు. రాయి దొర్లుకుంటూ వచ్చి ఆయన బూటుకు తగిలి ఆగింది.

"ఓహో," అన్నాడు.

"తప్పయిపోయింది సామీ, కాళ్ళు మొక్కుతా," అంటూ సిద్దమ్మ ఆ రాయిని దాచేయబోతున్నట్టు గబుక్కున దాని మీద ఎడమచెయ్యి వేసింది.

కూలోళ్ళ వస్తువు ఏదీ ముట్టని మనిషి ఆ రోజు వంగాడు. ఆమె సుత్తినే తీసుకున్నాడు. "ఈ చెయ్యేనా పెట్టింది?" అన్నాడు. అనడం, ఎత్తడం, దించడం అన్నీ ఒకేసారి అయిపోయాయి. రాయి మీద పడ్డ చప్పుడు కాదది. సిద్దమ్మ అరుపు ఆ తర్వాత వచ్చింది. మూడు వేళ్ళు నుజ్జయిపోయాయి. నెత్తురు రాయి మీద నుంచి కంకరలోకి కారింది.

రాహేలమ్మ పరిగెత్తుకొచ్చి పైటకొంగు చింపి ఆ చేతికి చుట్టింది. ఓవర్సీరు సుత్తిని అవతల పారేశాడు. ఆయన మొహం కూడా పాలిపోయింది, కానీ గొంతు మాత్రం తగ్గలేదు. "రాసుకో మేటూ. యాక్సిడెంటు. దాని సుత్తి దాని చేతి మీదనే పడె. ఐడిలు గూడా వేసి పేరు కొట్టెయ్యి."

ఉరుకుందప్ప లేచాడు. పారేసిన సుత్తిని వెతికి తెచ్చి, నెత్తురు పడ్డ రాయి మీద పెట్టాడు. పిడి ఓవర్సీరు వైపు తిప్పి పెట్టాడు. తర్వాత తన సుత్తిని నేల మీద పడుకోబెట్టాడు. పక్కవాడు పడుకోబెట్టాడు. ఆ పక్కామె. అట్లా వరస పొడుగునా ఒక్కో చప్పుడూ ఆగిపోయింది. ఆఖరికి రాహేలమ్మ సుత్తి ఒక్కటే మిగిలింది. ఆమెది ఆ కులం కాదు, ఆ దేవుళ్ళూ కాదు. మొగుడి వైపు చూడకుండా తన చోటికి పోయి ఆమె కూడా పడుకోబెట్టింది.

"ఏందిరా ఇది?" అన్నాడు ఓవర్సీరు.

"మా పెద్దల నాటి కట్టు సామీ," అన్నాడు ముసలాయన. కన్నీళ్ళు కారుతున్నాయి, అయినా చెప్పాల్సింది చెప్పాడు. "సుత్తి మీద మనిషి నెత్తురు పడితే, కడిగేదాకా ఇంకో సుత్తి లేయకూడదు. నీళ్ళు నేను తెస్తా. నువ్వు కడుగు."

"నేనా?"

"కొట్టిన చెయ్యే కడగల్ల సామీ. ఇంకొకరు కడిగితే పోదు."

ఓవర్సీరు ముందు నవ్వాడు. తర్వాత ముసలాయన పక్కటెముకల్లో తన్నాడు. సుందరం చంకలోని బెత్తం లాక్కుని వరసలో దొరికినవాళ్ళను దొరికినట్టు బాదాడు. వీపులు, మెడలు, అడ్డం పెట్టుకున్న చేతులు, ఏదీ చూడలేదు. బెత్తం రెండు ముక్కలైంది. ఎవరూ చెయ్యెత్తలేదు. ఎవరూ సుత్తీ ఎత్తలేదు. ఆ మౌనం చూసి మనిషికి పిచ్చెక్కింది. గంజి కుండలు దించే చోటికి పోయి ఏడో గ్యాంగు కుండను తన్నాడు. గంజి ఎర్రమట్టిలోకి ఇంకిపోతుంటే పిల్లలు పరిగెత్తి చేతులతో ఎత్తుకున్నారు. మట్టితో సహా నాక్కున్నారు. సుందరం అది చూడలేక కళ్ళు మూసుకున్నాడు. ఛీ, అదేం బతుకు!

పొద్దు వాలేటప్పటికి ఓవర్సీరు చల్లబడ్డాడు. సుందరాన్ని తన డేరాలోకి పిలిచి, ముక్కాలిపీట వేసి కూర్చోమన్నాడు కూడా.

"రేపు పని చూడనీకి పై దొర వస్తాండాడు. స్ట్రైకు అని చెప్తా. నువ్వు నలభైరెండు పేర్లకు రిఫ్యూజ్డ్ అని వేసి పెట్టు. నీ పెండ్లానికి మాత్రం ఏబుల్ వేసుకో. నీ మీద నాకేం కోపం లేదప్పా. చదువుకున్నోడివి, నీకు చెప్పల్లనా?"

సుందరం తల ఊపి బయటికి వచ్చాడు. ఊపాడంటే ఒప్పుకున్నట్టో కాదో ఆయనకే తెలియదు.

ఉరుకుందప్ప బండ కింద కూర్చుని ఉన్నాడు. సిద్దమ్మ పక్కనే పడుకుని, పసుపు గుడ్డ చుట్టిన చేతిని గుండెల మీద పెట్టుకుంది. కుడిచేత్తో బిడ్డను అదుముకుంది. మూలుగుతోంది.

సుందరం గొంతుక్కూర్చున్నాడు. "తాతా, నేను చెప్పేది ఇను. రేపు దొర వచ్చేటప్పటికి సుత్తి పట్టుకోండి. లేదంటే నలభైరెండు పేర్లు పోతాయి. పిల్లోళ్ళు సచ్చిపోతారు. ఓవర్సీరు కడగడు. ఏడు జన్మలెత్తినా కడగడు."

"అట్లయితే ఎత్తేది లేదు."

"మరి నిన్న?" అన్నాడు సుందరం. అనకూడదనుకుంటూనే అన్నాడు. "నిన్న నేను కొడితిని గదా. నీ నెత్తురు గూడా పడె. మరి అప్పుడే ఎత్తితివే?"

ముసలాయన సుందరం వైపు తిరిగాడు. కనుబొమ్మ మీద గాయం ఎండి నల్లబడింది.

"అదే నేను చేసిన తప్పప్పా," అన్నాడు. "నీకు మా కట్టు తెలీదు. చెప్తే నలుగురిలో నీకు చిన్నతనం అయితాది. అయ్యోరివి, చెడ్డోడివి గాదు, ఆయప్ప కొట్టిస్తే కొడ్తివి. పాపం, ఎందుకులే అని నీ బదులు నేనే కడుక్కొంటి. కొట్టిన చెయ్యి కడగల్లంటే, దెబ్బ తిన్న చెయ్యి కడిగింది. కట్టు తప్పింది నేను. తెల్లార్తోనే నా బిడ్డ చెయ్యి పాయె." ఆయన కూతురి తల మీద చెయ్యి వేశాడు. "ఇంగ తప్పను."

సుందరానికి ఆ ముంతెడు నీళ్ళు ఎందుకు పోశాడో, పోసి తన మొహంలోకి ఎందుకు చూశాడో అప్పుడు తెలిసింది. తను కొట్టిన దెబ్బకు కోపం తెచ్చుకోకపోగా, తన పరువు కాపాడటానికి ముసలాయన దాహం చంపుకున్నాడు. ఇప్పుడు కూతురి వేళ్ళు పోయింది ఆ దయ వల్లనే అని నమ్ముతున్నాడు. అట్లా కాదు తాతా, నీ తప్పు లేదు అని చెప్పబోయాడు. ఏ నోటితో చెప్పేది? లేచి గుడిసెకు పోయాడు. మస్టరు ముందు పెట్టుకుని, పెన్సిలు చెక్కుకుని, ఏమీ రాయకుండా పక్కన పెట్టేశాడు.

రాహేలమ్మ అది చూసింది. ఆ పూట సంగటి లేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చి, పక్కనే కూర్చుంది.

దొర గురువారం పొద్దున గుర్రం మీద వచ్చాడు. మిగతా గ్యాంగుల్లో సుత్తులు మోగుతున్నాయి. ఏడో గ్యాంగు దగ్గర మాత్రం నలభైరెండు మంది నేల మీద పడుకోబెట్టిన సుత్తుల ముందు కూర్చుని ఉన్నారు. సిద్దమ్మ బండకు ఆనుకుని ఉంది. నెత్తురు పడ్డ రాయి, దాని మీద సుత్తి నిన్న పెట్టినట్టే ఉన్నాయి. నెత్తురు ఎండిపోయి ఈగలు ముసురుతున్నాయి.

"స్ట్రైక్, సర్," అన్నాడు ఓవర్సీరు గుర్రం కళ్ళెం పట్టుకుని. "ఆల్ రిఫ్యూజ్డ్."

దొర చెయ్యి చాపాడు. సుందరం మస్టరు ఇచ్చాడు. దొర పేజీ తిప్పి చూసి కనుబొమలు ముడిచాడు. పేర్లున్నాయి. పేర్ల ఎదురుగా ఏమీ లేదు.

ఓవర్సీరు చూపు సుందరాన్ని కాల్చేసింది. సుందరం చేతులు కట్టుకుని, పొద్దుటి నుంచీ లోపల వల్లెవేసుకుంటున్న ఇంగ్లీషు వాక్యాలు చెప్పాడు. వీళ్ళు పని వద్దనలేదు, సర్. ఓవర్సీరు ఈ ఆడమనిషి చెయ్యి సుత్తితో చితగ్గొట్టాడు. నేను కళ్ళారా చూశాను. మాటలు తడబడలేదు.

దొర సిద్దమ్మ వైపు చూశాడు. మొహం చిట్లించాడు. పాపం అనిపించిందేమో, అనిపించలేదేమో, ఎవరికి తెలుసు. "అది తర్వాత విచారిస్తాను," అన్నాడు. "బాటకు కంకర ఈ నెలాఖరుకు కావాలి. వీళ్ళు పని చేస్తారా, చెయ్యరా? అది చెప్పు."

తర్వాత విచారిస్తాను! అట్లా అని పోయిన దొరలు మళ్ళీ వచ్చి విచారించడం సుందరం ఎన్నడూ చూడలేదు. తను ఏరి కూర్చుకున్న ఇంగ్లీషు అంతా అక్కడికి అయిపోయింది.

ఇక అప్పుడు ఆయన చేసిన పని ఎవరూ అనుకోనిది. నీళ్ళకుండ దగ్గరికి పోయి ముంత ముంచుకున్నాడు. వచ్చి ఉరుకుందప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దొర చూస్తున్నాడు, ఓవర్సీరు చూస్తున్నాడు, పెళ్ళాం చూస్తోంది. ముసలాయన సుత్తిని రెండు చేతులతో ఎత్తి, నీళ్ళు పోసి, అరచేత్తో రుద్ది కడిగాడు. ఆయన ముందున్న రాయిని కడిగాడు. చివరికి తడిచెయ్యి ఆయన కనుబొమ్మ మీది గాయానికి అద్దాడు.

"మంగళవారం కొట్టింది నేను," అన్నాడు అందరికీ వినపడేట్టు. "కడగాల్సింది నేను. నా బదులు నువ్వు కడిగితివి. నీ తప్పు లేదు తాతా. ఆ తప్పు నాది."

ఉరుకుందప్ప ఆ సుత్తిని తీసుకున్నాడు. ముందున్న రాయిని అరచేత్తో నిమిరి, కడిగిన సుత్తికి కట్టు ప్రకారం దక్కే ఒక్క దెబ్బ కొట్టాడు. రాయి రెండుగా విచ్చుకుంది. అంతటితో ఆగి, సుత్తిని ఒళ్ళో పెట్టుకుని, సిద్దమ్మ రాయి వైపు చూశాడు. గ్యాంగంతా అటే చూసింది. "ఆ నెత్తురు ఓవర్సీరు కడిగితే అన్ని సుత్తులూ లేస్తాయి, సర్," అన్నాడు సుందరం.

దొరకు వాళ్ళ కట్టుతో పనిలేదు కానీ, నీళ్ళు పోస్తే సుత్తి లేచిందన్నది మాత్రం కంటికి కనపడింది. జేబులో గడియారం తీసి చూసుకున్నాడు.

"ఒక ముంత నీళ్ళా? దీనికోసమా నా కంకర ఆగింది?" అన్నాడు ఓవర్సీరుతో. "కడుగు. త్వరగా."

"సర్, ఇది వట్టి మూఢ..."

"కడగమన్నాను."

ఓవర్సీరు నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. ఆఖరికి వంగాడు. వంగడం రాని నడుము కదా, ఒకసారి తూలి చెయ్యి నేలకు ఆనించాడు. రాహేలమ్మ ముంత తెచ్చి ఆయన పక్కన పెట్టింది. నీళ్ళు పోశాడు. ఎండిన నెత్తురు ఒకంతట వదల్లేదు. వేళ్ళతో రుద్దాల్సి వచ్చింది, గోళ్ళతో గీకాల్సి వచ్చింది. ఎర్రనీళ్ళు ఆయన బూట్ల మీదికి కారాయి. ఎదురుగా సిద్దమ్మ గుడ్డ చుట్టిన చెయ్యి పట్టుకుని కన్నార్పకుండా చూసింది. ఆమె చూపు దించాక గానీ ఉరుకుందప్ప తల ఊపలేదు.

ఒక సుత్తి లేచి రాయి మీద పడింది. తర్వాత ఇంకొకటి. అట్లా నలభైరెండూ పడ్డాయి.

"పేర్లన్నీ ఉంచు," అన్నాడు దొర. "ఆ చెయ్యి పోయినదానికి వీక్ అని వెయ్యి, గంజి చీటీ ఇవ్వు." గుర్రం తిప్పబోతుంటే ఓవర్సీరు వెంటపడి ఏదో మెల్లగా చెప్పాడు. దొర సుందరం వైపు ఒకసారి చూసి, నీ ఇష్టం అన్నట్టు చెయ్యి ఊపి పోయాడు.

మధ్యాహ్నానికల్లా సుందరం చేతిలో మస్టరు లేదు. పక్క గ్యాంగులో పెన్సిలు పట్టడం వచ్చిన గోపన్న అనే అతన్ని తెచ్చి మేటును చేశారు. ఏడో గ్యాంగు పేర్లలో ఆఖరున ఒక పేరు చేరింది. రాహేలమ్మ మాట్లాడకుండా తన పక్కన చోటు చూపించింది. సిద్దమ్మ సుత్తి ఖాళీగానే ఉంది. దాన్ని సుందరం చేతికిచ్చారు.

శుక్రవారం తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా ఆయన తల ఎత్తలేదు. ఎంత బలంగా కొడితే రాయి అంత మొండికేసింది. ముక్క ఎగిరి చెంప చీరింది. పదింటికి బొబ్బలు లేచాయి, రెండింటికి పగిలాయి. సుత్తి పిడి అరచేతికి అంటుకుపోతుంటే ఊడదీసుకుని కొట్టాడు. బడిలో పదహారేళ్ళు చెప్పిన చదువులో ఇంత బరువు ఏనాడూ మోయలేదు. గోపన్న పెట్టె తెచ్చి కుప్ప మీద పెట్టాడు. సగానికి పైన నాలుగు వేళ్ళు మాత్రం నిండింది.

గోపన్న మస్టరు తెరిచి, నాలిక బయటపెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. సుందరానికి అది తలకిందులుగా కనపడింది. అయినా చదవగలిగాడు.

"ఏం రాసినాడప్పా?" అన్నాడు ఉరుకుందప్ప.

"ఐడిల్."

ఆడవాళ్ళ వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "అయ్యోరు గూడా ఐడిలే!" అన్నారు ఇంకెవరో. నాలుగు రోజుల తర్వాత ఏడో గ్యాంగు నవ్వింది. రాహేలమ్మ కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే మొగుడి చేతులు చూసి కళ్ళు తుడుచుకుంది. సుందరం తనూ నవ్వబోయాడు, కానీ దుఃఖం పొర్లుకొచ్చింది. నెత్తురోడుతున్న ఈ చేతులకు సోమరి అని పేరు. ఈ పుస్తకంలో ఎన్నిసార్లు ఎంతమందికి రాశాడు తను! వాళ్ళ చేతులు ఏనాడైనా తిప్పి చూశాడా?

ఉరుకుందప్ప దగ్గరికి వచ్చి ఆయన కుడి అరచేతిని తెరిచి చూశాడు. బండను నిమిరినట్టే, మెల్లగా, బొటనవేలితో గాయాల అంచులు తడిమాడు.

"బలం వద్దప్పా," అన్నాడు. "రాయి యాడ పగలాలనుకుంటాదో ఆడ కొట్టల్ల. రేపు నా పక్కన కూసో. చూపిస్తా."